హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద చిన్నచూపు సినిమాలు, సీరియళ్ల వల్ల తగ్గుతుందా?

గుంటూరు కుర్రాడు:
తగ్గుతుందనే నేనంటాను. కానీ సినిమాతో కాదు, రోజూ ఇంట్లో నడిచే సీరియల్‌తో. సినిమాలో హెచ్‌ఐవీ వచ్చిందంటే ఆ మనిషి క్లైమాక్స్‌లోపు పోవాల్సిందే. 1993 నాటి 'ఫిలడెల్ఫియా'లో టామ్ హాంక్స్‌కి ఆస్కార్ వచ్చింది, నటన గొప్పదే, అయినా చూసి బయటికొచ్చాక మనసులో మిగిలేది చావే. అప్పుడు సరైన మందులు లేవు, సరే. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుని ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని కంటూ మామూలుగా బతుకుతున్నారు కదా, అలాంటి మనిషిని మన సీరియళ్లలో చూసినట్టు నాకైతే గుర్తు లేదు.

నైట్‌డ్యూటీ:
బ్రదర్, అసలు ఈ భయం నేర్పింది ప్రచారాలే కదా. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఊరూరా హోర్డింగులు పెట్టారు. జాగ్రత్తలు చెప్పడానికే పెట్టారు, కాదనను, కానీ మా స్కూల్లో ఎవడైనా కాస్త సన్నబడితే వాడికి పులిరాజా అని పేరు పెట్టేవాళ్లు. పరిస్థితి మార్చింది మందులూ చట్టమూ. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది, ఉద్యోగంలో, స్కూల్లో, ఆసుపత్రిలో వేరుగా చూడకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఖర్చు పెడితే దాని అమలు మీద పెట్టాలి.

నిమ్మతోట:
నేను ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌ని. మందులు ఉచితమే అండీ, అయినా సొంత ఊరికి దగ్గర్లో సెంటర్ ఉన్నా అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారని పక్క జిల్లా నుంచి బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. డబ్బా మీద లేబుల్ పీకేసి ఇంట్లో బీపీ మాత్రలని చెప్పుకుంటారు. అత్తగారు కోడలి కంచం, గ్లాసు వేరుగా పెడితే ఆ వంటింట్లోకి ఏ చట్టం వస్తుంది? టీవీ మాత్రం రోజూ వస్తుంది.

బీబీసీ సీరియల్ 'ఈస్ట్‌ఎండర్స్'లో మార్క్ ఫౌలర్ అనే పాత్రకి 1991లో హెచ్‌ఐవీ అని తెలుస్తుంది. ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు అతను ఆ సీరియల్‌లోనే ఉన్నాడు, మార్కెట్లో కూరగాయలు అమ్మాడు, పెళ్లిళ్లు చేసుకున్నాడు, అందరితో గొడవలు పడ్డాడు. అన్నేళ్లు చూసిన మనిషిని జబ్బు పేరుతో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మన దూరదర్శన్‌లో కూడా 2002లో 'జాసూస్ విజయ్' మొదలైంది, అందులో కేసులు ఛేదించే డిటెక్టివ్‌కే హెచ్‌ఐవీ ఉంటుంది. నాకు అది చాలా నచ్చిన ఆలోచన, ఎందుకంటే అతని మీద జాలిపడే తీరిక ప్రేక్షకుడికి ఉండదు.

సందేహాలరావు:
మేడమ్, ఒక తిరకాసు ఉంది. 2001లో అమెరికా సీరియల్ 'ది బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్'లో ఒక పాత్రకి హెచ్‌ఐవీ అని తేలిన ఎపిసోడ్‌లో హెల్ప్‌లైన్ నంబరు వేస్తే ఫోన్లు వెల్లువెత్తాయి. 2021లో బ్రిటన్‌లో ఎయిడ్స్ మీద తీసిన 'ఇట్స్ ఎ సిన్' అనే సీరియల్ వచ్చాక ఒక్కరోజులో 8,200కి పైగా టెస్ట్ కిట్లు ఆర్డర్ చేశారు. మంచిదే. కానీ అదంతా తమకి ఉందేమోనన్న భయం వల్ల. పక్కింటాయనకి ఉందని తెలిస్తే ఆయన ఇంట్లో భోజనం చేస్తారా లేదా అన్నది ఆ లెక్కల్లో తేలదు.

నిమ్మతోట:
మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నైజీరియాలో హెచ్‌ఐవీ గురించి యువత కోసం తీసిన 'ఎంటీవీ షుగా' అనే సీరియల్ మీద చేసిన ట్రయల్ చూడండి. కొంతమంది యువతకి ఇది చూపించారు, మిగతావాళ్లకి వేరే మామూలు సీరియల్. 6 నుంచి 9 నెలల తర్వాత చూస్తే ఇది చూసినవాళ్లలో టెస్ట్ చేయించుకున్నవాళ్లు రెట్టింపు. హెచ్‌ఐవీ పట్ల వాళ్ల అభిప్రాయాలు కూడా మెరుగయ్యాయి.

కొల్లేరు పక్షి:
నా గొడవ వేరే. తెర మీద ఎప్పుడూ మన సానుభూతికి తగినవాళ్లకే హెచ్‌ఐవీ వస్తుంది. భర్త వల్ల వచ్చిన ఇల్లాలు, రక్తం ఎక్కించడం వల్ల వచ్చిన పిల్లాడు. "పాపం, ఆమె తప్పేం లేదు" అని ఏడుస్తాం, అంటే సెక్స్ వర్కర్‌కో, లారీ డ్రైవర్‌కో, ట్రాన్స్‌జెండర్‌కో వస్తే తగిన శాస్తే అని ఒప్పుకున్నట్టే కదా. నాకు 2005లో ఓనిర్ తీసిన 'మై బ్రదర్ నిఖిల్' అందుకే ఇష్టం. గోవాలో 1989లో హెచ్‌ఐవీ ఉందని డొమినిక్ డిసౌజాని నిర్బంధించారే, ఆ ఉదంతమే దానికి స్ఫూర్తి. హీరో గే, అయినా ఎలా వచ్చిందన్న విచారణ పెట్టకుండా అతని తరఫునే నిలబడుతుంది.

నైట్‌డ్యూటీ:
ఇదంతా బాగానే ఉంది, కానీ మన సీరియల్ వాళ్ల చేతిలో పెడితే రేటింగ్ కోసం ఆ పాత్రని ఆర్నెల్లు ఏడిపించి, చివరికి రిపోర్టులు తారుమారయ్యాయని తేలుస్తారు. దానికన్నా తీయకపోవడమే నయం.

నిమ్మతోట:
అలా తీస్తే నేనే మొదట గొడవ చేస్తాను. అందుకే రాసేటప్పుడే హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లని కూర్చోబెట్టుకోవాలి, వాళ్లకి జీతం ఇచ్చి మరీ. మందులు క్రమంగా వాడి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకి అందనంత తగ్గి అలాగే ఉంటే, శృంగారం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. మా సెంటర్‌కి వచ్చే దంపతులకి ఇది చెప్తే చాలామంది నమ్మరు, రెండోసారి అడుగుతారు. ఇదే మాట సీరియల్‌లో డాక్టర్ పాత్ర కోడలికీ అత్తగారికీ ఒకేసారి చెప్తే, అటు నుంచి కథ ఎలా నడపాలో రచయితలకే వదిలేస్తాను.