ఆంజనేయస్వామికి వడమాల: వడలు తెగి పడకుండా ఎలా చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాకు ఉద్యోగం వస్తే ఆంజనేయస్వామికి 108 వడల మాల వేయిస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది. ఈలోగా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, పొయ్యి దగ్గర నిలబడలేదు. దాంతో కిందటి నెల నేనూ మా ఆవిడా రంగంలోకి దిగాం. రాత్రంతా నానిన మినప్పప్పు మెత్తగా రుబ్బి, పండక్కి గారెలు వేసినట్టే వేసి, పూలు కట్టే దారానికి గుచ్చాం. పంతులుగారు మాల పైకెత్తారో లేదో నాలుగైదు వడలు తెగాయి. ఒకటి సరిగ్గా హారతి పళ్ళెంలో పడింది. వెనక లైన్లో నవ్వులు. మొక్కు తీరినట్టా, తీరనట్టా అని అమ్మకి అప్పటి నుంచీ ఒకటే బెంగ. వచ్చే శనివారం మళ్ళీ వేయిద్దామనుకుంటున్నాం. ఉప్పు ఇంకో టెన్షన్. నైవేద్యం రుచి చూడకూడదు కదా, సరిపోయిందో లేదో తెలిసేదెలా?

జవాబు 1:
బాబూ, మీరు వేసినవి గారెలు. గారె పొంగాలి, మాల వడ పొంగకూడదు. తేడా అంతా అక్కడే ఉంది. నేను ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను కాబట్టి కాస్త చనువుగా చెబుతున్నా.

పప్పు గంటకి మించి నాననివ్వకండి. చిల్లుల గిన్నెలో వేసి నీళ్ళన్నీ ఓడ్చేయండి. నీళ్ళు పోయకుండా పలుకులు తగిలేలా రుబ్బాలి. మిక్సీ మరీ మొరాయిస్తే చేత్తో కాసిని చిలకరించండి, అంతే. మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి కలపండి. ఉల్లిపాయ ఎలాగూ వేయరు. అల్లం, పచ్చిమిర్చి కూడా వద్దు, వాటి తడికే వడ మెత్తబడుతుంది. అరిటాకుకి నూనె రాసి, చెక్కల్లా పల్చగా తట్టండి. చిల్లు మాత్రం చూపుడు వేలు సులువుగా దూరేంత పెట్టాలి, నూనెలో పడగానే సగం పూడిపోతుంది. మంట మధ్యస్థంగా ఉంచి, నురగ పూర్తిగా తగ్గేదాకా వేగనివ్వండి. తీసేటప్పుడు గరిటెకి తగిలితే టకటకమనాలి. తొందరపడి మంట పెంచారా, పైన నల్లబడి లోపల మెత్తగా ఉండిపోతుంది. తెగేది అదే.

కిలో పప్పుకి నాకు 108 వచ్చి, పైన కొన్ని మిగులుతాయి. ఉప్పు చిన్న చెంచాతో నాలుగు. నా చెంచా, మీ చెంచా ఒకటి కాదు కాబట్టి ముందురోజు పావుకిలోకి ఒక చెంచా లెక్కన ఇంట్లోకి వేసుకుని తినండి. అది నైవేద్యం కాదు, రుచి చూసినా తప్పులేదు. మర్నాడు అదే చెంచా, అదే కొలత.

జవాబు 2:
నేను అర్చకత్వం చేస్తాను. ముందు మీ గుడిలో అడిగి చేయండి. కొన్నిచోట్ల బయట వండినవి లోపలికి రానివ్వరు, స్వామికి పెట్టేది మడపల్లిలోనే, అంటే గుడి వంటశాలలోనే వండాలి. తిరుమలలోనూ నైవేద్యాలకి ఆలయంలోనే పోటు (వంటశాల) ఉంది కదా.

మాల 108దీ ఒక్కటే గుచ్చకండి. 54 చొప్పున రెండు చేయండి. లావు నూలుదారం రెండు పేటలు వేసి పసుపు రాయండి, ప్రతి పది వడలకీ ఒక ముడి వేయండి. ఒకటి విరిగినా మిగతావి జారిపోవు. వేడి పూర్తిగా ఆరాకే గుచ్చాలి. సింధూరం అద్దిన రోజైతే మేం ముందు వస్త్రం కట్టి, దాని మీద వడమాల వేస్తాం, లేకపోతే ప్రసాదమంతా సింధూరమే. తమలపాకుల మాల కూడా తెస్తే ఇంకా నిండుగా ఉంటుంది. మీ అమ్మగారిని బెంగపడొద్దనండి, స్వామి ఎదుటికి తెచ్చిన మాల తెగినంత మాత్రాన మొక్కు పోదు.

జవాబు 3:
మాది తమిళనాడు సరిహద్దు. నామక్కల్‌లో 18 అడుగుల ఆంజనేయుడికి హనుమజ్జయంతికి 1,00,008 వడలతో మాల వేస్తారు. వాళ్ళ జయంతి మార్గళి (మన ధనుర్మాసం) అమావాస్యకి, మన వైశాఖ బహుళ దశమికి కాదు. అక్కడి వడ కూడా పల్చగా, గట్టిగా, మిరియం ఘాటుతో ఉంటుంది. మినుములు రాహువు ధాన్యం కాబట్టి పాములాంటి ఈ మాల వేస్తే రాహుదోషం పోతుందని మా నాయనమ్మ చెప్పేది. మాకు చిన్నప్పుడు దోషం సంగతి పట్టలేదు, మాల ఎప్పుడు విప్పుతారా అని చూసేవాళ్ళం.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
శనివారం వేయించాం. శుక్రవారం పావుకిలోతో ట్రయల్ వేశాం, మొదటి వాయిలో చిల్లులన్నీ పూడిపోయాయి. రెండో వాయికి వేలు గుండ్రంగా తిప్పి చిల్లు పెద్దది చేశాక కుదిరింది. అసలు రోజు 113 వచ్చాయి. పంతులుగారు రెండు మాలలూ ఎత్తుతుంటే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కటీ రాలలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ప్రసాదం వడ కొరికి, "ఇంకాస్త ఉప్పు పడాల్సిందిరా" అంది.