‘లాహిరి’లో ఉన్నది నీటి అలా, మత్తా?

బరంపురం నుంచి:

ఈ మాట మీద నాకొక పాత బాకీ ఉంది, అందుకే గుంపు ముందు పెడుతున్నాను. 1984లో మా పెళ్ళయిన కొత్తల్లో, కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు చిలికా సరస్సు చూద్దామని దాని ఒడ్డునున్న రంభ ఊరు వెళ్ళాం. ఇచ్ఛాపురంలో ఉండే మా మేనత్త కూతుర్నే చేసుకున్నాను. కొత్త జంటని ఒంటరిగా నీళ్ళ మీదకి పంపడానికి అత్తకి మనసొప్పలేదు. పులిహోర టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని పడవలో మా ఇద్దరి మధ్యనే కూర్చుంది.

చిలికా అక్కడ లోతు తక్కువ. నావురియా వెదురు గెడతోనే పడవ నడుపుతున్నాడు. గెడ దిగినప్పుడల్లా అడుగున బురద మెత్తగా తగిలిన చప్పుడు, పైకి లాగితే దాని వెంట జారే నీటిబొట్లు. తిరిగొచ్చేటప్పటికి పొద్దు గూకి చంద్రుడు పైకొచ్చాడు. ఇక మా ఆవిడ ఆగలేదు, ‘మాయాబజార్’ పాట ఎత్తుకుంది, “లాహిరి లాహిరి లాహిరిలో” అని. నావురియాకి తెలుగు రాదు. గెడ ఆపి, మా అత్త వైపు చూసి, ఎంతో ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు: “ఆజి లొహొడి నాహిఁ, మా.” ఇవాళ అలలు లేవమ్మా అని. కొత్తకోడలు అలలకి భయపడి దేవుడి పాట పాడుకుంటోందనుకున్నాడు పాపం! ఒడియాలో లొహొడి అన్నా, పుస్తకాల్లో రాసే లొహొరి అన్నా అలే.

మన నిఘంటువుల్లో లాహిరి అంటే మత్తు, మైకం. నేనూ అన్నాళ్ళూ అదే అనుకున్నాను. కానీ ఆ పెద్దాయన మాట విన్నాక పాటలో రెండో మాట వేరేగా వినిపించడం మొదలైంది. జగమే ఊగెనుగా అని ఊరుకోలేదు పింగళి నాగేంద్రరావు గారు, వెంటనే తూగెనుగా అన్నారు. ఊగేది అల మీద. తూగేది మత్తులో. లాహిరి అన్న ఒక్క మాటలో అలనీ మత్తునీ కలిపి పోసి, రెంటికీ చెరొక క్రియ ఇచ్చారని నా నమ్మకం. ప్రాస కోసం పడిన మాట కాదది. మీరేమంటారు?

పర్లాకిమిడి నుంచి:

బాబూ, ఆలోచన బాగుంది గానీ తూగు దగ్గర ఒప్పుకోలేను. తూగుటుయ్యాల ఉంది కదా. అక్కడ మత్తేముంది? తూగడమంటే ముందు ఊగడమే. కునికిపాట్లు పడేవాడి తల అటూ ఇటూ ఊగుతుంది కనక ‘నిద్రకి తూగుతున్నాడు’ అన్నాం, తాగినవాడి ఒళ్ళు ఊగుతుంది కనక ‘మత్తులో తూగుతున్నాడు’ అన్నాం. మాది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం నోట ఎలా పలుకుతుందో చూశాకే పుస్తకం తెరుస్తాం. మా నాయన కల్లు దుకాణం నుంచి వచ్చేవాళ్ళని చూసి “లాహిరిలో ఉన్నాడు, పలకరించకు” అనేవాడు. అల అర్థంలో ఆ మాట మా ఇంట ఎవరి నోటా వినలేదు.

దెగ్లూరు నుంచి:

అన్నా, మా వైపు మరాఠీలో ‘లహర్’ అంటే నీటి అలే. కానీ ‘లహర్ ఆలీ’ అంటే మనసుకి ఉన్నట్టుండి ఏదో బుద్ధి పుట్టిందని. ఘడియకో తీరుగా ఉండేవాడు ‘లహరీ’ మనిషి. నీళ్ళలో లేచేదీ మనసులో లేచేదీ ఒకే మాట. అక్కడి నుంచి మత్తుకి ఎంత దూరం? సంస్కృతంలో లహరి పెద్ద అల, సౌందర్యలహరిలో ఉన్నది అదే. నాకు మాత్రం మీ పడవాయనే గెలిచిండు అనిపిస్తోంది.

కొరాపుట్ నుంచి:

మాటల సంగతి పెద్దలు తేలుస్తారు. నేను పాట గురించి ఒక్కటి చెప్తాను. సుంకి ఘాటీ దిగితే మాకు సాలూరు. ఆ పక్క ఊళ్ళో పుట్టిన రాజేశ్వరరావు గారు కట్టిన బాణీ అది, మోహన రాగం. పింగళి గారు పుట్టింది రాజాంలో. పాడి, వాద్యాలన్నీ కూర్చిన ఘంటసాల గారు సంగీతం నేర్చింది విజయనగరంలో. ఈ పాట విన్నప్పుడల్లా మా కొండ కింది నుంచే గాలి వీస్తున్నట్టుంటుంది నాకు. అందులో ‘పిల్లవాయువులు’ ఉన్నాయి, గమనించారా? పిల్లగాలి అనాల్సిన చోట తెలుగు పిల్లకి సంస్కృత వాయువుని ముడేశారు! వ్యాకరణం ఒప్పదు, చెవి ఒప్పుకుంటుంది.

బరంపురం నుంచి:

పర్లాకిమిడి మాస్టారూ, తూగుటుయ్యాల నాకు తట్టలేదు. మీరన్నట్టు తూగు మొదట ఊగడమే అయితే నా చెరొక క్రియ లెక్క నిలవదు. అయినా మాట అక్కడే ఇంకా అందంగా తోస్తోంది. ఊగడం మెల్లగా తూగడంలోకి జారినట్టే, లహరి జారి లాహిరి అయింది. అల ఎక్కడ ఆగి మత్తు ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

దెగ్లూరు తమ్ముడూ, ఆ రోజు మిగతాది చెప్పలేదు కదూ. నావురియా ధైర్యం చెప్పాక మా అత్త పకపకా నవ్వేసింది. మూతి బిగించుకుని వచ్చిన మనిషి, రెండో చరణం తనే అందుకుంది. సినిమాలోనూ అంతే, పిల్లల వెనకాలే పెద్దలూ పడవెక్కుతారు. ‘చల్లని దేవుని అల్లరి’ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి నా వైపు చూసి, “నువ్వు ఇటొచ్చి కూర్చోరా” అని లేచి ముందు పలక మీదకి వెళ్ళింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. క్యారేజీ గిన్నె ఒకటి నీళ్ళ పాలయింది.

అత్త పోయి పదేళ్ళు. మా ఆవిడ కోపంగా ఉందో లేదో తెలియకపోతే ఇప్పటికీ గుమ్మంలో నిలబడి అడుగుతాను, “ఆజి లొహొడి?” అని. మూడొంతుల రోజులు లోపల్నుంచి “నాహిఁ” అనే వస్తుంది.