ఆదాము పాపం మనదాకా ఎలా వచ్చింది? రోమా 5:12 ఒక్కటే ఆధారమా?

బెరయవాసి:

అందరికీ వందనాలు. జన్మపాపం (ఆదాము పాపం వల్ల మనుషులందరూ పాపపు స్థితిలోనే పుడతారనే బోధ) మీద నాలుగు వారాల పాఠం తయారు చేస్తున్నాను. మొదటి వారంలోనే చిక్కుపడ్డాను. రోమా 5:12 మన తెలుగు బైబిల్లో "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని ఉంది. అంటే ఎవరి పాపం వాళ్లది, ఎవరి చావు వాళ్లది అన్నట్టే కదా? కానీ జన్మపాపం గురించి రాసేవాళ్లు చాలామంది ఈ వచనమే చూపించి "ఆదాములో అందరం పాపం చేశాం" అంటారు. ఆ "ఆదాములో" అనే మాట నాకైతే వచనంలో కనబడటం లేదు. పైగా యెహెజ్కేలు 18:20 "పాపము చేయువాడే మరణము నొందును" అంటోంది. ఇదంతా లాటిన్ తర్జుమా పొరపాటు, 4, 5 శతాబ్దాల లాటిన్ సంఘ పండితుడు అగస్టీన్ దాని మీద సిద్ధాంతం కట్టేశాడు అనే వాదన కూడా చూశాను.

అడగదలచుకున్నవి మూడు. తర్జుమా పొరపాటు మాట ఎంతవరకు నిజం? ఆదాము నుంచి మనకు వచ్చింది నేరమా, చెడిన స్వభావమా, చావు ఒక్కటేనా? అసలు మంచివాడిగా సృష్టించబడిన ఆదాముకే పాపం ఎక్కడిది?

అయోరిస్టు:

మొదటిదానికి నేను చెబుతాను. గొడవంతా గ్రీకులో రెండు చిన్న మాటల దగ్గర ఉంది: "ఎఫ్ హో". "ఎపి" అనే విభక్తి పదం, దాని వెనక ఒక సంబంధ సర్వనామం. వాటి తర్వాత "అందరూ పాపం చేశారు". ఆ సర్వనామం పుంలింగం కావచ్చు, నపుంసకం కావచ్చు, రూపం ఒకటే. స్త్రీలింగం మాత్రం కాదు. ఇది గుర్తు పెట్టుకోండి.

పాత లాటిన్‌లో దీన్ని "ఇన్ క్వో" అన్నారు, అంటే "ఎవరిలో" లేదా "దేనిలో". నాలుగో శతాబ్దంలో రోమాలో పౌలు పత్రికలకు వ్యాఖ్యానం రాసిన ఒకాయన (అసలు పేరు తెలియక పండితులు అంబ్రోసియాస్టర్ అంటారు) దీన్ని "అంటే ఆదాములో" అని విప్పి చెప్పాడు. అగస్టీన్ మొదట "ఆ పాపంలో" అనే అర్థం కూడా కుదురుతుందనుకున్నాడు, ఎందుకంటే లాటిన్‌లో పాపం అనే మాట నపుంసకం. తర్వాత, గ్రీకులో పాపం స్త్రీలింగం కాబట్టి సర్వనామం దానికి అతకదని గమనించి, "ఆదాములో" అన్నదానికే కట్టుబడ్డాడు. కాబట్టి "అగస్టీన్‌కు గ్రీకు బొత్తిగా పట్టదు" అని పాఠంలో చెప్పకండి. ఈ వ్యాకరణం ఆయన చూశాడు. చూసి కూడా తప్పు వైపు తిరిగాడు, అది వేరే సంగతి. "ఒక మనుష్యుడు" అనే మాట వాక్యంలో ఎక్కడో ముందుంది, సర్వనామం అంత దూరం వెళ్లి దాన్ని పట్టుకోవడం సహజంగా లేదు.

ఇప్పుడు ఎక్కువమంది దీన్ని "ఎందుకంటే", "చేసినందున" అనే చదువుతారు. పౌలే 2 కొరింథీ 5:4లో ఈ మాట ఇలాగే వాడాడు. 1979లో కాథలిక్కులు తెచ్చిన కొత్త లాటిన్ బైబిల్ (వుల్గాత) కూడా "ఇన్ క్వో" తీసేసి "ఎందుకంటే" అనే అర్థం వచ్చేలా మార్చుకుంది. మన తెలుగు తర్జుమా ఈ విషయంలో సరిగ్గానే ఉంది.

అయితే అదే వచనంలో తెలుగు ఇంకోచోట మనల్ని కాస్త పక్కకు లాగుతుంది. "ఏలాగు ప్రవేశించెనో, ఆలాగుననే" అని పోలిక పూర్తయినట్టు రాశారు. గ్రీకులో పోలిక పూర్తవదు. "ఎలాగైతే" అని మొదలుపెట్టి, "మరియు ఆ విధంగా మరణం అందరికీ వ్యాపించింది" అని సాగి, మధ్యలోనే ఆగిపోతుంది. పౌలు 13, 14 వచనాల్లో పక్కదారి పట్టి, 18లో మళ్లీ అందుకుని వాక్యం ముగిస్తాడు. అందుకే 12వ వచనాన్ని విడిగా కోసి బోర్డు మీద రాస్తే అర్థం కుంటుతుంది. 12 నుంచి 21 దాకా ఒక్క ముక్కగా చదివించండి.

పాతచుట్టలు:

అయోరిస్టు గారు వ్యాకరణం తేల్చేశారు. కానీ "వ్యాకరణం పోయింది కాబట్టి సిద్ధాంతం పోయింది" అనే దూకుడు చరిత్ర ముందు నిలవదు.

అగస్టీన్ కంటే సుమారు 150 ఏళ్ల ముందు, 250ల మొదట్లో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్ సిప్రియాను మరో 66 మంది బిషప్పులతో కలిసి ఒక ఉత్తరం రాశాడు. ప్రశ్న చాలా మామూలుది: పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వడానికి ఎనిమిదో రోజు దాకా ఆగాలా? అక్కర్లేదన్నారు. బిడ్డ స్వయంగా పాపం చేయలేదు, ఆదాము వంశంలో పుట్టడం వల్ల పాత మరణపు అంటు సోకింది అంతే, క్షమించబడేవి తన పాపాలు కావు, పరులవి అన్నారు. ఇందులో "ఇన్ క్వో" ప్రసక్తే లేదు.

అగస్టీన్ కూడా "జన్మపాపం" అనే మాటను 396–397 ప్రాంతంలోనే వాడాడు. ఆయన కాలపు బోధకుడు పెలాగియస్‌తో గొడవ రాజుకున్నది 411 తర్వాత. అంటే వాదనలో నెగ్గడానికి అప్పటికప్పుడు అల్లినదీ కాదు. గొడవ వచ్చాక మాత్రం రోమా 5:12 మీద మోయలేనంత బరువు పెట్టాడు, అది నిజం. 418లో కార్తేజిలో, 529లో ఆరెంజ్‌లో సభలు పెలాగియస్ మార్గాన్ని తోసిపుచ్చాయి. పెలాగియస్ చెప్పింది ఏమిటంటే, ఆదాము మనకు చెడ్డ మాదిరి, చూసి నేర్చుకున్నాం, అంతే. దీని మీద అగస్టీన్ పట్టు ఇక్కడ: చావు మాదిరి చూసి రాదు, పసిబిడ్డలు ఎవరినీ అనుకరించకుండానే చనిపోతారు.

5:12 తీసి పక్కన పెట్టినా ఇవి మిగులుతాయి: కీర్తన 51:5 ("నేను పాపములో పుట్టినవాడను"), ఎఫెసీ 2:3 ("స్వభావసిద్ధముగా దైవోగ్రతకు పాత్రులమై"), 1 కొరింథీ 15:22, అన్నిటికంటే ముఖ్యంగా రోమా 5:19. ఆ 19లో "పాపులుగా చేయబడిరి" అన్నచోట గ్రీకు క్రియ ఒకరిని ఒక పదవిలో, స్థానంలో నిలబెట్టడానికి వాడేది. లూకా 12:14లో "తీర్పరిగా నియమించడం" కూడా అదే క్రియ.

తూర్పుగుమ్మం:

ఒక సవరణ. పై రెండు జవాబులూ లాటిన్ సంఘం కిటికీలోంచే చూశాయి. గ్రీకు చదివి పెరిగిన తూర్పు సంఘాలకు (ఇప్పటి ఆర్థొడాక్స్ వాళ్లకు) "ఇన్ క్వో" సమస్యే లేదు. అక్కడ కొందరు ఆ సర్వనామాన్ని దానికి ముందే ఉన్న "మరణం" అనే పుంలింగ పదానికి తగిలించి "ఆ మరణం వల్ల అందరూ పాపం చేశారు" అని చదువుతారు. చావు భయం మనిషిని తన్ను తాను కాపాడుకునేలా తోస్తుంది, అక్కడినుంచి పాపం పుడుతుంది. హెబ్రీ 2:15లో మరణ భయం చేత దాస్యంలో ఉన్నవారి మాట దీనికి బలం.

నాలుగో శతాబ్దపు గ్రీకు బోధకుడు యోహాను క్రిసోస్తము రోమా 5:19కి రాసిన ప్రసంగంలో, ఇంకొకడి అవిధేయత వల్ల వేరొకడు పాపి అవడం ఎలా కుదురుతుందని తనే అడిగి, ఇక్కడ "పాపులు" అంటే శిక్షకు లోనైనవారు, మరణానికి గురైనవారు అని జవాబిస్తాడు. అందుకే ఆర్థొడాక్స్ బోధలో "పూర్వికుల పాపం" అనే మాటకే మొగ్గు. వచ్చింది మరణం, దానితోపాటు బలహీనపడిన స్వభావం. ఆదాము నేరం మాత్రం ఆదాముదే.

కానీ "తూర్పు సంఘాలు జన్మపాపాన్ని కొట్టిపారేశాయి" అని కూడా రాయకండి. 692లో తూర్పు సంఘపు త్రుల్లో సభ కార్తేజి సభల నిబంధనలను తమవిగా స్వీకరించింది, పసిబిడ్డల బాప్తిస్మం గురించి చెప్పినది కూడా అందులో ఉంది. తేడా ఉంది, గోడ లేదు.

బెరయవాసి:

చాలా ఉపయోగపడింది, ముఖ్యంగా "ఆలాగుననే" సంగతి. రెండో ప్రశ్న ఇంకా తెగలేదు. నేరం, స్వభావం, చావు, ఈ మూడింటిని ఎవరెవరు ఎక్కడ పెడతారు? యెహెజ్కేలును ఏం చేయాలి?

లెక్కలపుస్తకం:

ఆ మూడు మాటల్ని వేరు చేయకపోవడమే ఈ పాఠం చెడిపోవడానికి మొదటి కారణం. బోధకుడు స్వభావం అనుకుని మాట్లాడుతుంటే వినేవాడు నేరం అనుకుని మండిపడతాడు. మొదటి వారమే విడదీసి చెప్పండి.

చావు వచ్చిందన్న దాంట్లో పెలాగియన్లు తప్ప దాదాపు అందరూ ఒకటే. స్వభావం చెడిందన్న దాంట్లోనూ ఒకటే, ఎంత చెడిందన్నదే తేడా. అసలు పోట్లాట నేరం దగ్గర.

కాథలిక్ బోధను 1546 జూన్ 17న త్రెంతు సభ స్థిరపరిచింది: ఈ పాపం అనుకరణ వల్ల కాదు, సంతతి ద్వారా సంక్రమిస్తుంది. వాళ్ల సత్యోపదేశం (కాటెకిజం) దీన్ని చేసిన పాపం కాదు, సోకిన పాపం, ఒక క్రియ కాదు, ఒక స్థితి అంటుంది. ఆదాము పోగొట్టుకున్న పరిశుద్ధత లేకుండా పుట్టడం అన్నమాట. బాప్తిస్మంతో పాపం పోతుంది, దురాశ మిగులుతుంది, కానీ ఆ దురాశ దానంతట అది పాపం కాదు. లూథరన్లు సరిగ్గా ఇక్కడే అడ్డం తిరిగారు. వాళ్ల విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు రెండో అంశం ప్రకారం దేవుని భయం లేకుండా, దేవుని మీద నమ్మకం లేకుండా, దురాశతో పుట్టడం నిజంగా పాపమే. ఈ ఒక్క తేడా చాలా దూరం పోతుంది. మనసులో తలెత్తిన కోరికకు ఒప్పుకోకపోయినా క్షమాపణ అడగాలా, అక్కర్లేదా అన్నది దీన్ని బట్టే మారుతుంది.

రిఫార్మ్‌డ్ సంఘాలు (కాల్విన్ బోధను అనుసరించేవి) రెండు దారులు చెబుతాయి. చెడిన స్వభావం పుట్టుకతో వస్తుంది, నేరం ఆరోపణ వల్ల వస్తుంది. ఆదాము మన తరఫున నిలబడ్డ ప్రతినిధి. ఈ ఆరోపణ అనే మాట అర్థం కావాలంటే ఫిలేమోను 18 తెరవండి. "అది నా లెక్కలో చేర్చుము" అని పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీ గురించి రాస్తాడు. రోమా 5:13లో "పాపము ఆరోపింపబడదు" అన్నదీ అదే క్రియ, కొత్త నిబంధనలో ఈ రెండుచోట్లే ఉంది. ఖాతాలో రాయడం. ఒనేసిము చేసిన నష్టం పౌలు చేసినట్టు అవదు, కానీ బాకీ పౌలు పేరు మీదికి వస్తుంది. అయితే 5:13లో పౌలు నేరుగా "ఆదాము నేరం మీ ఖాతాలో రాశారు" అనలేదు. ధర్మశాస్త్రం లేకపోయినా ఆదాము నుంచి మోషే వరకు మరణం ఎందుకు ఏలిందన్నది అతని వాదం, దాంట్లోంచి ప్రతినిధి సంగతి రాబట్టుకోవాలి. ఆ తేడా దాచకుండా చెప్పండి.

ఇక యెహెజ్కేలు. 18:2తో మొదలుపెట్టకపోతే 18:20 ఎప్పుడూ తప్పుదారే. "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అనే సామెత చెప్పుకుంటూ, మా పెద్దల పాపానికి మేం చెరలో పడ్డాం, మా తప్పేం లేదు అనేవాళ్లకు ఇచ్చిన జవాబు అది. తండ్రి, కొడుకు, మనవడు అని మూడు తరాలు వరసగా పెట్టి, ఎవడి తీర్పు వాడిదే అంటాడు. ఆదాము అక్కడ చర్చలోనే లేడు. కాబట్టి ఆ అధ్యాయం జన్మపాపాన్ని పడగొట్టదు. కానీ "తరతరాల శాపం" పేరుతో తాత పాపాన్ని మనవడి నెత్తిన రుద్దే బోధకు మాత్రం ఆ అధ్యాయంలో చోటు లేదు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. ఆదాము తర్వాతి తండ్రుల పాపాలు కూడా అంటుతాయా అని అగస్టీనే ఆలోచించి, తేల్చకుండా వదిలేశాడు.

పాతచుట్టలు:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. "సాతాను శోధించాడు" అని తప్పించుకోకండి. మరి సాతానును ఎవరు శోధించారు అని వినేవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు.

యాకోబు 1:14 దురాశ ఈడ్చుకుపోతుంది అంటుంది. అది మనకు సరిపోతుంది, పతనానికి ముందు ఆదాముకు అలాంటి దురాశ లేదు కదా. అగస్టీన్ "దేవుని నగరం" 12వ పుస్తకంలో ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్నాడు. చెడ్డ చిత్తానికి కారకం వెతకొద్దంటాడు. అది ఏదో శక్తి చేసిన పని కాదు, ఒక లోటు, పైదాన్ని వదిలి కిందికి జారడం. దాని కారణం చూడాలనుకోవడం చీకటిని కంటితో చూడాలని, నిశ్శబ్దాన్ని చెవితో వినాలని కోరినట్టుంటుంది. జారడం ఎలా సాధ్యమైందో మాత్రం చెబుతాడు: శూన్యం నుంచి చేయబడింది కాబట్టి సృష్టి మారగలదు. ఎందుకు జారాడో చెప్పడు. ఆదికాండం 3 కూడా చెప్పదు. "ఆహారమునకు మంచిది, కన్నులకు అందమైనది" అని చూపు ఎలా మళ్లిందో చూపించి ఊరుకుంటుంది.

రెండో శతాబ్దపు ఐరేనియస్ దారి వేరు. ఆదాము పరిపూర్ణుడిగా కాదు, ఎదగవలసిన పసివాడిలా సృష్టించబడ్డాడు, అందుకే సులువుగా మోసపోయాడు అంటాడు. ఈ దారిలో ప్రశ్న తేలికవుతుంది, కానీ పతనం బరువు కూడా తగ్గుతుంది. రెండూ బోర్డు మీద పక్కపక్కన పెట్టండి, ఒకదాన్ని దాచకండి.

బెరయవాసి:

ఆఖరుగా ఒక్కటి. లూకా 3:38 వంశావళిని ఆదాము దాకా తీసుకెళ్తుంది. మరి క్రీస్తుకు జన్మపాపం ఎందుకు రాలేదు?

లెక్కలపుస్తకం:

17వ శతాబ్దపు రిఫార్మ్‌డ్ విశ్వాస ప్రకటన అయిన వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలు రాసినవాళ్లు దీనికోసమే ఒక చిన్న మాట ఇరికించారు: ఆదాము నుంచి "సాధారణ జననక్రమంలో" వచ్చినవారందరికీ అని. కన్య గర్భంలో పరిశుద్ధాత్మ వలన కలిగిన జననం ఆ క్రమంలోది కాదు. కాథలిక్కులు ఇంకో అడుగు వెనక్కి వెళ్లి మరియమ్మే జన్మపాపం లేకుండా గర్భంలో పడిందని 1854లో విశ్వాస సత్యంగా ప్రకటించారు. ప్రొటెస్టెంట్లు, ఆర్థొడాక్స్ వాళ్లు దాన్ని ఒప్పుకోరు.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ఉత్సాహంలో "మనిషి స్వభావమే పాపం" అనేస్తారు. 16వ శతాబ్దంలో ఫ్లాసియస్ అనే లూథరన్ పండితుడు పతనమైన మనిషి సారమే పాపం అన్నాడు. 1577లో సొంతవాళ్లే దాన్ని తోసిపుచ్చారు. సారమే పాపమైతే పాపాన్ని దేవుడే సృష్టించాడని ఒప్పుకోవాలి, లేదా క్రీస్తు మన స్వభావం తీసుకోలేదనాలి. మీ నోట్సులో "స్వభావమే పాపం" అని ఎక్కడైనా ఉంటే "స్వభావం చెడింది" అని దిద్దుకోండి.