షుగర్ ఉన్నవారికి గుండె సీటీ బొమ్మ చూపించాలా, వద్దా?

మధుమేహ_ఓపీ:
షుగర్ ఉంది, గుండె జబ్బు లక్షణాలేవీ లేవు, వయసు 50. హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపేశారు కాబట్టి కాల్షియం స్కోరు సీటీ (గుండె రక్తనాళాల గోడల్లో గట్టిపడిన కాల్షియం మచ్చలను అంకెలో చెప్పే స్కాన్) తీయించుకున్నారు. సీడీ పట్టుకుని ఓపీకి వచ్చారు. ఆ బొమ్మ తెర మీద పెట్టి చూపించాలా? వద్దంటాను. 40 నుంచి 75 ఏళ్ల షుగర్ రోగికి మధ్యస్థ మోతాదు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టడానికి స్కోరుతో పని లేదని 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలే చెప్పాయి. బొమ్మ ఎలా ఉన్నా చీటీలో మందు అదే. అలాంటప్పుడు భయపెట్టడం దేనికి? పైగా లక్షణాలు లేని షుగర్ రోగుల్లో గుండె జబ్బును వెతికి పట్టుకుంటే మేలేమోనని ట్రయల్స్ చేసి చూశారు. 2009లో డయాడ్, 1,123 మందిలో సుమారు సగం మందికి న్యూక్లియర్ స్కాన్ పద్ధతి. 2014లో ఫ్యాక్టర్-64, 900 మందిలో సుమారు సగం మందికి సీటీ యాంజియో పద్ధతి. రెండింటిలోనూ స్కాన్ వర్గానికి చెప్పుకోదగ్గ లాభం తేలలేదు.

సీటీ_గది:
ఆ రెండూ అడిగిన ప్రశ్న వేరండీ. పూడిక ముందే కనిపెడితే గుండెపోట్లు తగ్గుతాయా అన్నది వాటి ప్రశ్న. ఇక్కడ ప్రశ్న, బొమ్మ చూసిన మనిషి మాత్ర వేసుకుంటాడా అన్నది. రాయడం మీ చేతిలో ఉంది, మింగడం ఆయన చేతిలో ఉంది. ఏ నొప్పీ లేని మనిషికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 130 అన్నది కాగితం మీద అంకె మాత్రమే. ఐస్నర్ ట్రయల్ (2011) చూడండి. 2,137 మందిలో కాల్షియం స్కాన్ తీసి ఫలితం చెప్పినవారికి నాలుగేళ్ల తర్వాత పై బీపీ, ఎల్‌డీఎల్, నడుము చుట్టుకొలత మిగతావారికన్నా మెరుగ్గా ఉన్నాయి.

లెక్కల_మనిషి:
అదే రకం ప్రశ్నకు వచ్చిన ఎదురు జవాబు కూడా చెప్పాలిగా. 2003లో అమెరికా సైన్యంలో 39 నుంచి 45 ఏళ్ల 450 మందికి ఇదే కాల్షియం స్కాన్ తీశారు, సగం మందికి ఫలితం చెప్పారు. ఏడాది తర్వాత రిస్కులో తేడా లేదు.

స్వీడన్‌లో జరిగిన విప్‌విజా (2019లో లాన్సెట్‌లో వచ్చింది, 3,532 మంది) గెలిచింది. ఎందుకు గెలిచిందో చూడండి. వాళ్లు మెడ రక్తనాళాల అల్ట్రాసౌండ్ తీశారు కానీ ఆ నలుపు-తెలుపు బొమ్మను రోగి చేతిలో పెట్టలేదు. నాళం వయసు చూపే ఆకుపచ్చ-ఎరుపు పట్టీ, ప్లాక్ (నాళం గోడలో పేరుకున్న కొవ్వు పూడిక) ఉంటే ఎర్ర చుక్క, లేకపోతే పచ్చ చుక్క గీసి ఇంటికి పంపారు. రెండు నుంచి నాలుగు వారాల్లో నర్సు ఫోన్ చేసింది. ఆరు నెలలకు అదే బొమ్మ మళ్లీ పంపారు. ఏడాదికి ఫ్రామింగ్‌హామ్ రిస్కు స్కోరు (గుండె జబ్బు ముప్పు అంచనా లెక్క) వాళ్లలో తగ్గింది, మిగతావారిలో పెరిగింది. అయితే ఫలితం వాళ్ల డాక్టర్లకూ వెళ్లింది. కాబట్టి మారింది రోగా, చీటీ రాసే చెయ్యా అన్నది విడదీయడం కష్టం. అది షుగర్ రోగుల మీదే చేసిన ట్రయల్ కూడా కాదు.

కౌన్సెలింగ్_బల్ల:
చూపాలా వద్దా అంటున్నారు గానీ, అసలు తంటా ఎలా చూపిస్తున్నామన్న దగ్గర ఉంది. సీడీ తెరిచి అలాగే తిప్పితే ఏమవుతుంది? వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక అన్నీ తెల్లగా మెరుస్తాయి. "అయ్యబాబోయ్, ఇంత పేరుకుందా" అంటారు. మహాధమని గోడలోనూ, కవాటాల దగ్గరా ఉన్న తెల్ల మచ్చలు స్కోరులోకి రావని వాళ్లకెలా తెలుస్తుంది? ఒకే ఒక్క స్లైసు ఎంచండి, ఎడమ ముందు నాళం బాగా కనబడేది. ఎముకలు పోయేలా కత్తిరించండి. మచ్చకు బాణం పెట్టండి. పక్కన, పేరు తీసేసిన సున్నా స్కోరు బొమ్మ ఒకటి పెట్టండి. పోల్చుకోవడానికి ఇంకొకటి లేకపోతే ఏ బొమ్మైనా భయంగానే ఉంటుంది.

రెండో తంటా మాటది. "సున్నం పేరుకుంది" అనగానే పాలు మానేస్తారు, ఎముకల కోసం రాసిన కాల్షియం మాత్ర ఆపేస్తారు. కొందరు తాంబూలం వదిలేస్తారు (దానికి వేరే లాభం ఉంది లెండి). తిన్న సున్నం కాదు ఇది, నాళం గోడలో కొవ్వు చేరి వాచిన చోట శరీరం పెట్టుకున్న గట్టి మచ్చ అని ముందే చెప్పాలి.

మూడోది "ఎంత శాతం బ్లాక్?" స్కోరు 240 అంటే అదేదో శాతం అనుకుంటారు. ఈ సీటీలో కాంట్రాస్ట్ (నాళం లోపలి దారి కనబడేలా చేసే మందు) ఎక్కించరు, నాళం లోపలి దారి కనబడదు, శాతం చెప్పడం కుదరదు. ఈ ఒక్క మాట చెప్పకపోతే ఇక్కణ్నుంచి నేరుగా స్టెంట్ గురించి అడగడానికి పోతారు.

బొమ్మ తీసెయ్యగానే వంద చుక్కల కాగితం ఇవ్వండి. పదేళ్లలో ఇరవై మందికి గుండెపోటో పక్షవాతమో వచ్చే రిస్కు ఉందనుకుందాం, ఇరవై చుక్కలు ఎర్రగా దిద్దండి. షుగర్ ఉన్నవారి స్టాటిన్ ట్రయల్స్ 14 కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గినప్పుడు ఇలాంటి ఘటనలు ఐదో వంతు తగ్గాయి. అంటే నాలుగు ఎర్ర చుక్కలు ఆయన చేతనే కొట్టేయించండి. భయం పుట్టిన నిమిషంలోనే చెయ్యడానికి పని దొరకాలి. లేకపోతే ఆ భయం సీడీతో పాటు బీరువాలోకి పోతుంది.

మధుమేహ_ఓపీ:
ఇదంతా స్కోరు ఉన్నవాడి కథ. నా భయం సున్నా వచ్చినవాడి గురించి. "నా గుండె క్లియర్" అని స్టాటిన్ ఆపేస్తాడు. గట్టిపడని మెత్తటి ప్లాక్ ఈ స్కానులో కనబడదు. సున్నా ఉంటే స్టాటిన్ వాయిదా వేయవచ్చన్న వెసులుబాటు నుంచి 2018 మార్గదర్శకాలు షుగర్ ఉన్నవారిని, పొగతాగేవారిని మినహాయించాయి. నరాలు దెబ్బతిన్న షుగర్ రోగికి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు. ఆయాసం, చెమటలు, గ్యాస్ అనిపించే ఇబ్బందిని కొట్టిపారేయడానికి ఆ సున్నా బొమ్మే సాక్ష్యమైపోతుంది.

లెక్కల_మనిషి:
రిపోర్టులో వచ్చే పర్సెంటైల్ కూడా చూపకండి. "మీ వయసువారిలో 80వ స్థానం" అని మెసా అనే అమెరికా అధ్యయనం లెక్కల నుంచి ఇస్తారు. మెసాలో ఉన్నది అమెరికాలోని తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనా మూలాలవారు. భారతీయులు లేరు. అంతకన్నా ముఖ్యం, ఆ పర్సెంటైల్ పట్టిక కట్టేటప్పుడు షుగర్ మందు వాడేవారిని పక్కన పెట్టారు. ఇక మన రోగిని పోల్చేది ఎవరితో?

సీటీ_గది:
పర్సెంటైల్ మాట ఒప్పుకుంటాను. సున్నా విషయంలో మటుకు, దాచడం మందు కాదు. సీడీ ఆయన చేతిలోనే ఉంది, అర్థం ఫోన్‌లో వెతుక్కుంటాడు. మనం చూపకపోతే ఇంకెవరో చూపిస్తారు.

ఇంకో ఉచ్చు ఉంది, అది మన వైపు నుంచే. "మాత్రలు పనిచేశాయో లేదో ఏడాదికి మళ్లీ తీద్దాం" అని మాటిస్తారు. ఈ స్కోరు కట్టే అగాట్‌స్టన్ పద్ధతిలో 130 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో సాంద్రత కొలిచే యూనిట్లు) దాటిన మచ్చ వైశాల్యాన్ని దాని సాంద్రతను బట్టి 1 నుంచి 4 వరకు గుణిస్తారు. స్టాటిన్ వేసుకుంటే ప్లాక్ గట్టిపడుతుంది, సాంద్రత పెరుగుతుంది, స్కోరూ పెరుగుతుంది. మందు మంచే చేసింది, బొమ్మ చెడ్డగా కనబడింది. చూపించిన బొమ్మ మీదే నమ్మకం పోతుంది. పురోగతి చూపడానికి 4 నుంచి 12 వారాల్లో ఎల్‌డీఎల్ పరీక్ష చాలు.

కౌన్సెలింగ్_బల్ల:
అందుకే ఫోన్ చేసే తేదీ ఆ రోజే రాసుకోవాలి. మూడో వారంలో అడగాల్సినవి రెండే: మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారు, ఆ బొమ్మ గురించి ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారు. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే మనం చెప్పింది ఎంత వంకరపోయిందో దొరికిపోతుంది.

మధుమేహ_ఓపీ:
సరే, తీయించుకుని వచ్చినవారికి ఈ పద్ధతిలో చూపిస్తే అభ్యంతరం లేదు. చూపించడం కోసమని స్కాన్ రాయడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. సుమారు 1 మిల్లీసీవర్ట్ రేడియేషన్, దారిలో ఊపిరితిత్తుల్లో కనబడే చిన్న గడ్డ, దాని కోసం మరో స్కాన్... ఇవన్నీ మాత్ర మింగించడానికి కట్టే మూల్యం. సీటీ_గది గారికి ఒక విన్నపం. షుగర్ రోగికి సున్నా వచ్చినప్పుడు రిపోర్టు అడుగున తెలుగులో ఒక వాక్యం వేయగలరా, "ఈ ఫలితం చూసి మందులు ఆపకూడదు" అని?

సీటీ_గది:
వేస్తాను. టెంప్లేట్‌లో పెట్టడానికి రెండు నిమిషాలు. స్కోరు అంకె కన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి, లేకపోతే ఎవరూ చదవరు.