ఇప్పుడున్న జెండా మొత్తం పింగళి వెంకయ్య గారి డిజైనేనా? మరి రాట్నం ఏమైంది?

పాప నాన్న
ఆగస్టు 15కి మా పాప స్కూల్లో స్పీచ్ ఇవ్వాలండి. మన జెండా పింగళి వెంకయ్య గారు చేశారు అని రాసిచ్చా, అది చదివి "పాత ఫోటోల్లో మధ్యలో రాట్నం ఉంది కదా నాన్నా, ఎవరు తీసేశారు" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కృష్ణాతీరం
మొదలుపెట్టింది మాత్రం ఆయనేనండి, అందులో డౌట్ అక్కర్లేదు. భట్లపెనుమర్రులో పుట్టారు, బందరు నేషనల్ కాలేజీలో పనిచేస్తూ 1916లోనే జెండాల మీద ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలప్పుడు గాంధీ గారు ఎరుపు, ఆకుపచ్చ మీద రాట్నంతో ఒక జెండా గీసివ్వమంటే మూడు గంటల్లో ఇచ్చేశారట, ఈ మాట గాంధీ గారే తన పత్రిక యంగ్ ఇండియాలో రాశారు. రాట్నం పెట్టాలన్న ఐడియా జలంధర్ లాలా హంసరాజ్ గారిది. కానీ జెండా చేతికొచ్చేసరికి కాస్త లేటై సభలో పెట్టలేకపోయారు, ఆ గ్యాప్‌లోనే గాంధీ గారికి తెలుపు కూడా ఉండాలనిపించింది. నాకైతే ఆ ఆలస్యమే మన మూడో రంగు తెచ్చిందనిపిస్తుంది. కాషాయం పైన, తెలుపు మధ్యలో అన్న వరస 1931లో వచ్చింది, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదని కూడా అప్పుడే చెప్పేశారు.

పాతకాగితాలు
రాట్నం సంగతి నేను చెప్తా. 1947 జులై 22న రాజ్యాంగ సభలో తీర్మానం పెడుతూ నెహ్రూ గారే కారణం చెప్పారు. రాట్నానికి ఒకవైపు చక్రం, రెండోవైపు నూలు చుట్టుకునే పుల్ల, అదే కదురు, ఉంటాయి కదా, జెండాని అవతలివైపు నుంచి చూస్తే అవి తారుమారవుతాయి. పాపతో ట్రేసింగ్ పేపర్ మీద రాట్నం గీయించి వెనక్కి తిప్పి చూపించండి, ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది. అందుకే ఎటునుంచి చూసినా ఒకేలా ఉండే చక్రం ఒక్కటే ఉంచారు, దానికి సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం రూపం తీసుకున్నారు. ఇంకోటి, ఈ నీలం చక్రం చరఖాకి గుర్తు అని ఆ తీర్మానంలోనే ఉంది. అంటే రాట్నాన్ని ఎవరూ తీసెయ్యలేదండి, అది ఇప్పటికీ అక్కడే ఉంది!

పాప నాన్న
చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. పేపర్ తిప్పి చూపిస్తే "కదురు ఇటొచ్చేసింది" అని అరిచింది, ఇప్పుడు స్పీచ్‌లో అదే చెప్తానంటోంది. చార్ట్ మీద జెండా కూడా వేస్తోంది, చక్రంలో ఆకులు (మధ్య నుంచి అంచుదాకా ఉండే గీతలు) 16 వచ్చాయి.

కృష్ణాతీరం
24 ఉండాలండి. ప్రొట్రాక్టర్ పెట్టి 15 డిగ్రీలకొక గీత గీయమనండి, సరిగ్గా సరిపోతాయి. చక్రం తెలుపు పట్టీ అంత వెడల్పు దాకా రావాలి, జెండా పొడుగు 3 పాళ్ళైతే ఎత్తు 2 పాళ్ళు.