సిర్ర, చిటికెన పుల్ల: అరిగిన డ్రమ్ స్టిక్‌కి తెలుగేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్లో డ్రమ్స్ వాయిస్తాడు. స్టిక్స్ కొసలు పెచ్చులు లేచాయి, కొసకు కాస్త కింద నారలు కూడా వచ్చేశాయి. కొత్త జత కొన్నాం కానీ పాతవి పారేయడానికి వాడు ఒప్పుకోవడం లేదు. వాటి గురించి తాతయ్యకు తెలుగులో ఉత్తరం రాస్తూ 'డ్రమ్ స్టిక్' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. వెతికితే మునగకాడ తప్ప ఏమీ దొరకలేదు. 'వాద్యదండం' అనమని ఒకరు చెప్పారు. అనొచ్చా?

జవాబు: వాద్యదండం వద్దండీ. ఎవరి నోటా పలకని మాట తాతయ్యకు మాత్రం ఏం అర్థమవుతుంది? పుల్లతో కొట్టే వాద్యం మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. దాని మాటలూ ఉన్నాయి, మనమే అడగలేదు.

డప్పునే తీసుకోండి. దానికి రెండు పుల్లలు, రెండూ ఒకలాంటివి కావు. కుడిచేతిలో ఉండే పొట్టి, లావు పుల్ల సిర్ర. ఎడమచేతిలో ఉండే సన్నటి, పొడుగు పుల్ల చిటికెన పుల్ల, వాడుకలో సిటికెన పుల్ల. ఎడమచేతికి ఒకేసారి రెండు పనులు. డప్పు అంచును అదిమి పట్టుకోవాలి, అదే చేతి వేళ్లతో పుల్లనూ ఆడించాలి. సిర్ర తోలు నడుమ పడితే గుండెల్లోకి దిగే మోత వస్తుంది. చిటికెన పుల్ల అంచు దగ్గర పడితే చిటపటమంటుంది. ఈ రెండూ కుదిరితేనే దరువు.

తెలంగాణలో పెరిగినవాళ్లు చిర్రగోనె ఆడే ఉంటారు. కోస్తాలో బిళ్లంగోడు అంటారే, అదే. అందులో గోనె పొడుగు కర్ర, చిర్ర పొట్టి కర్ర. చెట్టు సెట్టయినట్టు, చేను సేనయినట్టు ఈ చిర్రే సిర్ర అయిందని నా అభిప్రాయం. చిటికెన పుల్లలో ఉన్నదీ చిటికెన వేలులోని చిటికెనే. కానీ ఆటలోని చిర్ర తెలిసినంతమందికి డప్పు సిర్ర తెలియదు. డప్పును, దాన్ని వాయించే మాదిగ కళాకారులను ఊరి బయటే ఉంచినట్టు, వాళ్ల మాటలనూ బయటే ఉంచేశాం. నాకు ఇదే బాధ. ఈ మాటలు బడి పుస్తకాల్లో ఉండాల్సినవి.

ఇక అరగడం సంగతి. ఏది ఎలా పాడైందో చెప్పడానికి మనకు వేర్వేరు క్రియలున్నాయి. సిర్ర గట్టి కర్ర కాబట్టి అరుగుతుంది, కొస మొద్దుబారుతుంది. వెదురు బద్దతో చేసిన చిటికెన పుల్ల అరిగేదాకా ఉండదు. ముందు సన్నగా చీలుతుంది, నారలు లేస్తుంది, చివరికి దరువు మధ్యలో టక్కున విరుగుతుంది. మీరు ప్రశ్నలో రాసిన పెచ్చులు, నారలు అచ్చంగా సరిపోయే మాటలే. అబ్బాయిని ఉత్తరంలో అవే రాయమనండి.

ఇంకొకరు: అన్నా, మాది అనంతపురం. మావైపు డప్పును పలక అంటాం, తప్పెట అని కూడా అంటారు. ఒక సందేహం. నాదస్వరం పక్కన వాయించే డోలుకు ఒకవైపే పుల్ల, రెండోవైపు తొడుగులు పెట్టుకున్న వేళ్లు కదా. ఆ పుల్లను కూడా సిర్ర అనొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. సిర్ర డప్పుది, దాన్ని అక్కడే ఉండనివ్వాలి. తమిళనాట మన డప్పులాంటి పఱై వాయించేవాళ్లు కూడా పొట్టిదాన్ని అడికుచ్చి అని, పొడుగుదాన్ని సుండుకుచ్చి అని విడివిడిగానే పిలుస్తారు. పుల్ల ఆకారాన్ని బట్టి, చేసే పనిని బట్టి పేరు వచ్చింది. డోలుకు డోలు పుల్ల అంటే చాలు. మెడలో వేలాడదీసుకుని వాయించే తాషాకు రెండూ సన్న పుల్లలే. అబ్బాయి చేతిలోవీ సరిసమానంగా ఉన్న జత కాబట్టి సిర్ర అనీ అనలేం, చిటికెన పుల్ల అనీ అనలేం. 'డ్రమ్ము పుల్లలు' అని రాస్తే తాతయ్యకు వెంటనే అర్థమవుతుంది.

పాతవాటిని ఏం చేయాలో కూడా చెప్తాను. నారలు లేచిన పుల్లతో డ్రమ్ము మీద వాయించనివ్వకండి. పెచ్చు మొన గీరుకుని పైపొర పాడవుతుంది. తోలు డప్పయితే ఇంకా జాగ్రత్త, ఒకచోట చిరిగితే మంట సెగకు ఎంత కాచినా ఆ మోత మళ్లీ రాదు. సిర్ర ఒక కొస అరిగితే తిప్పి రెండో కొసతో వాయించవచ్చు, అదీ అరిగితే చెక్కి నున్నగా చేసి నేర్చుకునే పిల్లలకు ఇవ్వవచ్చు. మీ అబ్బాయివి బహుశా హికరీ చెక్కవో, మేపుల్‌వో అయి ఉంటాయి, ఎక్కువగా వాటితోనే చేస్తారు. కొస కింద నారలు లేచేది సింబల్ రేకు అంచు, డ్రమ్ము చుట్టూ ఉన్న ఇనుప కట్టు తగలడం వల్ల. గరుకు కాగితంతో రుద్దితే దిండు మీద సాధనకు బాగా పనికొస్తాయి. కొసకు పాత నూలుబట్ట నాలుగు చుట్లు చుట్టి దారంతో బిగించి కడితే మెత్తటి మోత వచ్చే పుల్ల తయారవుతుంది. ఇది పిల్లలకు చాలా నచ్చుతుంది. నిలువునా చీలినవాటిని మాత్రం వాయించడానికి వాడొద్దు. కుండీలో టమాటా మొక్కకు ఊతకర్రగా పాతండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. 'నారలు లేచిన డ్రమ్ము పుల్లలు' అని రాశాడు. సిర్ర గురించి కూడా రాస్తానంటున్నాడు, తాతయ్యది కరీంనగర్.

జవాబు: అయితే తాతయ్యనే అడగమనండి, ఆయనకు ఇంకో నాలుగు మాటలు తెలిసే ఉంటాయి. ఆదిలాబాద్ వైపు గోండులు తుడుమును రెండు పుల్లలతో వాయిస్తారు. ఆ పుల్లలను గోండిలో ఏమంటారో తెలిసినవాళ్లు దయచేసి ఇక్కడ రాయండి.