బక్కచిక్కిన కుక్కను దత్తత తీసుకున్నాము: బరువు ఎలా పెంచాలి, ఇంటికి ఎలా అలవాటు చేయాలి?

మల్లెపందిరి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మూడు నాలుగేళ్ల వయసుంటుందని అంచనా వేసిన ఒక ఆడకుక్కను ఈమధ్యే షెల్టర్ నుంచి దత్తత తీసుకున్నాము. అక్కడ చేరకముందు అది చాలాకాలం సరైన తిండి లేకుండా గడిపిందట. ఇప్పుడు దాని బరువు 16 కిలోలు. ఎముకల కట్టును బట్టి చూస్తే 22 కిలోలైనా ఉండాలని చెప్పారు. పక్కటెముకలను దూరం నుంచే లెక్కపెట్టవచ్చు, తుంటి ఎముకలు పొడుచుకొని వచ్చాయి, తొడల మీద కండ అన్నదే లేదు. గిన్నె కింద పెట్టీ పెట్టకముందే ఆహారమంతా మింగేస్తుంది. ఒక్కోసారి కాసేపటికే కక్కేసి, దాన్నే మళ్లీ తినేస్తుంది. మలం పలచగా ఉంటోంది. తినేటప్పుడు ఎవరైనా దగ్గరికి వెళితే గుర్రుమంటుంది. మిగతా సమయమంతా భోజనాల బల్ల కింద ముడుచుకొని పడుకుంటుంది. పిలిస్తే తోకను కాళ్ల మధ్య పెట్టుకొని చూపు పక్కకు తిప్పేసుకుంటుంది.

ఆకలిగొన్న ప్రాణికి కొలిచి పెట్టడానికి మాకు మనసు రావడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా కడుపు నిండా పెడితే అదే కోలుకుంటుందని అంటున్నారు. అలా పెట్టడం మంచిదేనా? గుర్రుమనడాన్ని ఇప్పుడే మాన్పించాలా? మా అబ్బాయికి తొమ్మిదేళ్లు కాబట్టి ఈ రెండో విషయం మమ్మల్ని మరింత భయపెడుతోంది.

వేపనీడ (సమాధానం):

ఇలాంటి కుక్కలను చాలాకాలంగా ఇంట్లో ఉంచుకొని, కోలుకున్నాక వేరే కుటుంబాలకు అప్పగిస్తూ ఉంటాను కాబట్టి చెబుతున్నాను: పెద్దవాళ్ల మాటలో ప్రేమ ఉంది, కానీ ఆ పద్ధతి మాత్రం వద్దు. మీరు పెట్టేదాన్ని రోజుకు నాలుగు పూటలుగా, ప్రతిరోజూ ఒకే వేళలకు, కొలిచి పెట్టండి. చాలాకాలం కొద్దిపాటి తిండికే అలవాటుపడిన పేగులు ఒక్కసారిగా వచ్చిపడిన ఆహారాన్ని అరిగించుకోలేవు. అరగనిదంతా పలచటి మలంగా బయటికి పోతుంది. అంటే ఎక్కువ పెట్టినకొద్దీ తక్కువ ఒంటబడుతుంది. వేళ తప్పకుండా పెట్టడంలో ఇంకొక మేలు కూడా ఉంది. తరువాతి పూట తప్పకుండా వస్తుందని నమ్మకం కుదిరిన కుక్కే నెమ్మదిగా తినడం నేర్చుకుంటుంది, గిన్నెకు కాపలా కాయడమూ తగ్గిస్తుంది.

మింగేయడం తగ్గాలంటే గిన్నెను పక్కన పెట్టి, పొడి ఆహారాన్ని వెడల్పాటి పళ్లెంలోనో శుభ్రమైన నేల మీదనో పలచగా చల్లండి. ఒక్కొక్క గింజనూ వాసన పట్టి వెతుక్కొని తినాల్సి వస్తుంది కాబట్టి కక్కడం చాలావరకు ఆగిపోతుంది. షెల్టర్‌లో పెట్టిన ఆహారమే మొదట కొనసాగించి, మార్చదలిస్తే వారం పది రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది కలుపుకుంటూ వెళ్లండి. మలం కుదుటపడిన తరువాత పిల్లకుక్కల కోసం తయారుచేసే ఆహారానికి మారవచ్చు. దానిలో శక్తి, మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి తక్కువ పరిమాణంతోనే పని జరుగుతుంది.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు, ఉడికించిన ఎముకలు దానికి అందకూడదు. ఆకలి మీద ఉన్న కుక్క బల్ల మీది నుంచి, చెత్తబుట్టలో నుంచి ఏదైనా లాక్కొని తినేస్తుంది.

కొండవాగు (సమాధానం):

నేను పశువైద్యుణ్ణి. వేపనీడ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే తిండి కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: అది తిండి దొరకక చిక్కిందా, లేక తిన్నది ఒంటబట్టక చిక్కిందా? తిండి లేకుండా గడిపిందన్న కథ నిజమే కావచ్చు, కానీ దాని వెనక జబ్బు దాగి ఉండడం అరుదేమీ కాదు. తాజా మలాన్ని పరీక్షకు ఇచ్చి కొంకి పురుగులు, ఏలిక పాములు, జియార్డియా అనే కంటికి కనిపించని పేగు పరాన్నజీవి ఉన్నాయేమో చూపించండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. అవి గులాబీ రంగులో కాకుండా పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని అర్థం. కొంకి పురుగులూ పిడుదుల వల్ల వచ్చే జ్వరాలూ రెండూ ఆ పని చేస్తాయి. రక్తపరీక్షతో మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో తెలుస్తుంది. పళ్లు కూడా చూపించండి, నొప్పి ఉన్న పన్ను నమలనివ్వదు. ఆవురావురుమని తింటూనే చిక్కిపోతూ, మలం పెద్ద మొత్తంలో, పాలిపోయిన రంగులో, జిడ్డుగా వస్తూ ఉంటే క్లోమం జీర్ణరసాలను తయారుచేయడం లేదేమోనని అనుమానించాలి. దానికి టీఎల్ఐ అనే ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది. తేలితే ప్రతి పూటా ఆహారంలో ఎంజైముల పొడి కలిపి పెడుతూ చక్కగా పెంచుకోవచ్చు.

ఇక పరిమాణం గురించి. శరీరస్థితిని మేము 1 నుంచి 9 వరకు అంకెలతో కొలుస్తాము. 4, 5 మంచి స్థితి, 1 అంటే దూరం నుంచే ఎముకలన్నీ కనిపించి కండ కరిగిపోయిన స్థితి. మీ వర్ణనను బట్టి మీ కుక్క 1కో 2కో దగ్గరగా ఉంది. పూర్తిగా పస్తులుండి అప్పుడే దొరికిన కుక్కకు ఒక్కసారిగా నిండుగా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. పస్తుల కాలంలో కణాల లోపల ఉండే ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి, కానీ రక్తంలో వాటి కొలత మామూలుగానే కనిపించవచ్చు. హఠాత్తుగా పిండిపదార్థాలు లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, ఆ కాస్త ఖనిజాలనూ రక్తంలో నుంచి కణాల్లోకి లాగేస్తుంది. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి, ఎర్రకణాలు పగిలిపోవడం, కండరాలు పట్టుతప్పడం, గుండె లయ తప్పడం, మూర్ఛలు రావడం జరుగుతాయి. అందుకే అలాంటి కుక్కలకు విశ్రాంతిలో అవసరమయ్యే శక్తిలో పావు వంతుతో మొదలుపెట్టి, ఖనిజాలను పరీక్షిస్తూ కొన్ని రోజుల మీద పెంచుతాము. మీ కుక్క షెల్టర్‌లో కొంతకాలం తిన్నది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. అయినా నీరసంగా తూలుతున్నా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే చూపించండి.

విశ్రాంతి శక్తిని మీరే లెక్కకట్టవచ్చు: బరువును మూడుసార్లు వేసి గుణించి, వచ్చిన దానికి రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించాలి. 16 కిలోలకు మొదట 4,096, దాని వర్గమూలం 64, మళ్లీ 8. అంటే రోజుకు 560 కిలోకేలరీలు. ఉండవలసిన 22 కిలోలకు సుమారు 710 వస్తుంది, దానికి 1.4 రెట్లు, అంటే దాదాపు 1,000 కిలోకేలరీలు, మీ గమ్యం. మొదట 560 దగ్గర ఉంచి, మలం గట్టిపడుతున్న కొద్దీ కొన్ని రోజులకు ఒకసారి కొంచెం పెంచుతూ అక్కడికి చేరండి. పొడి ఆహారం 100 గ్రాములలో సాధారణంగా 350 నుంచి 400 కిలోకేలరీలు ఉంటాయి. సంచి మీద చూసి గ్రాములలోకి మార్చుకోండి. వారానికి 200, 300 గ్రాముల బరువు పెరిగితే అది చక్కటి వేగం.

పొద్దుతిరుగుడు (సమాధానం):

బరువు తొందరగా పెరగాలంటే ప్రతి పూటా ఆహారంలో రెండు మూడు చెంచాల నూనె, కొవ్వున్న మాంసం కలపండి. మా కుక్క అలాగే పుంజుకుంది.

కొండవాగు:

పొద్దుతిరుగుడు గారూ, మీ కుక్కకు అది సరిపడి ఉండవచ్చు, కాని ఈ కుక్కకు ఇప్పుడు వద్దని గట్టిగా చెబుతాను. అలవాటు లేని కడుపులోకి ఒక్కసారిగా కొవ్వు వెళితే విరేచనాలు పెరుగుతాయి. క్లోమం వాచి, వాంతులతో, కడుపునొప్పితో ఆసుపత్రి పాలయ్యే అవకాశమూ ఉంది. పైగా దీనికి కావలసింది కొవ్వు కంటే ముందు కండ. అది మాంసకృత్తులతో, చిన్న చిన్న నడకలతో వస్తుంది. కరిగిపోయిన తొడల కండ పొట్ట మీద కొవ్వు పేరుకున్నంత త్వరగా తిరిగి రాదు కాబట్టి, తూకం ఒక్కదాన్నే చూడకుండా తొడలను చేత్తో తడిమి చూస్తూ ఉండండి.

తూరుపుగాలి (సమాధానం):

మల్లెపందిరి గారూ, గుర్రుమనడం గురించి చెబుతాను, ఎందుకంటే ఇంట్లో పిల్లవాడు ఉన్నప్పుడు ఇదే అన్నిటికంటే ముఖ్యం. దాన్ని మాన్పించడానికి ప్రయత్నించవద్దు. గుర్రుమనడం అంటే కుక్క మర్యాదగా ఇచ్చే ముందస్తు హెచ్చరిక. తిట్టి, కొట్టి ఆ హెచ్చరికను అణిచేస్తే భయం ఎక్కడికీ పోదు, హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. అలవాటు చేస్తామంటూ గిన్నెలో చేయి పెట్టడం, సగంలో గిన్నె లాక్కోవడం ఇప్పటికీ కొందరు నేర్పుతున్నారు. తిండి పోతుందన్న దాని అనుమానాన్ని నిజం చేయడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

నిజానికి గుర్రుమనడానికి ముందే అది చాలా చెబుతుంది. మీరు నడిచి వస్తుంటే తల ఇంకా కిందికి దించి, ఒళ్లు బిగబట్టి, మరింత వేగంగా మింగుతూ, తల తిప్పకుండానే కంటి తెల్లగుడ్డు కనిపించేలా మిమ్మల్ని ఓరగా చూస్తుంది. ఆ బిగింపు ఏ దూరంలో మొదలవుతుందో గమనించి, దానికి ఇంకాస్త అవతలి నుంచే నడుస్తూ, దానికి బాగా ఇష్టమైన ఒక చిన్న ఉడికించిన మాంసం ముక్కను గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. మనిషి వస్తే గిన్నెలోకి ఇంకొకటి వచ్చి పడుతుందని అర్థమయ్యాక, మీ అడుగుల చప్పుడుకు అది బిగుసుకోవడానికి బదులు తల ఎత్తి ఎదురుచూస్తుంది. అప్పుడే ఒక అడుగు దగ్గరికి జరగండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. అది తింటున్నంతసేపు అబ్బాయి వేరే గదిలో, తలుపు వేసి ఉండాలి. దీనిలో మినహాయింపు వద్దు. నిజంగా కరవబోతే మాత్రం ప్రవర్తన తెలిసిన నిపుణులను పిలిపించండి.

బల్ల కింద పడుకుంటే పడుకోనివ్వండి. బయటికి లాగకండి, వంగి తొంగిచూడకండి. దాని పరుపును, నీళ్లను అక్కడికే చేర్చండి. మీరు అదే గదిలో నేల మీద పక్కకు తిరిగి కూర్చొని ఏదో చదువుకుంటూ ఉంటే చాలు, వాసన చూడాలని దానికి అనిపించినప్పుడు అదే వస్తుంది. వచ్చినప్పుడు తల మీద చేయి వేయకుండా గడ్డం కిందో ఛాతీ పక్కనో కాసేపు నిమిరి, చేయి వెనక్కి తీసుకోండి. ఇంకా కావాలంటే అదే ఆనుకుంటుంది. కుదురుకోవడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక వాడుక లెక్క ఉంది. అది ఒక ఊహ మాత్రమే, భయస్థురాలైన కుక్క దానికి రెట్టింపు తీసుకున్నా కంగారు పడనవసరం లేదు. ఇంకొక జాగ్రత్త: ఇలాంటి కుక్కలు బెదిరినప్పుడు వెనక్కి జరిగి మెడపట్టీలో నుంచి తల తీసేసుకొని పారిపోతాయి. ఛాతీ చుట్టూ వేసే పట్టీని కూడా వేసి, రెంటికీ తాడు కట్టి నడిపించండి.

మల్లెపందిరి:

అందరికీ కృతజ్ఞతలు. మలపరీక్షలో కొంకి పురుగులు బయటపడ్డాయి, రక్తం కూడా కొంచెం తక్కువగా ఉందట. మందు వేశారు. ఆహారం నేల మీద చల్లడం మొదలుపెట్టాక కక్కడం ఆగింది, మలం కూడా గట్టిపడుతోంది. నిన్న నేను మాంసం ముక్క విసిరి వెళ్లిపోతుంటే తినడం ఆపి నా వెనకే రెండడుగులు వేసి నిలబడింది. మందు ఒక్కసారి వేస్తే సరిపోతుందా? గర్భసంచి తీసే ఆపరేషన్ కూడా ఇప్పుడే చేయించేయమని కొందరు అంటున్నారు, అది మంచిదేనా?

కొండవాగు:

ఒక్కసారితో సరిపోదు. కొంకి పురుగుల పిల్లలు కొన్ని కండరాలలో దాగి ఉంటాయి. మందు పేగుల్లో ఉన్నవాటినే చంపుతుంది, దాగినవి తరువాత పేగులకు చేరుతాయి. అందువల్ల రెండు మూడు వారాలకు మళ్లీ మందు వేసి, ఆ తరువాత మలాన్ని తిరిగి పరీక్షించాలి. ఈలోగా దాని మలాన్ని ఎప్పటికప్పుడు ఎత్తేయండి. నేలలో పొదిగిన పిల్లపురుగులు చర్మం గుండా కూడా లోపలికి వెళతాయి కాబట్టి, అది మలవిసర్జన చేసే చోట అబ్బాయిని వట్టి కాళ్లతో తిరగనివ్వకండి.

ఆపరేషన్ అత్యవసరమైతే తప్ప ఆగండి. రక్తం తక్కువగా, కండ కరిగిపోయి ఉన్న శరీరం మత్తుమందును సరిగా తట్టుకోలేదు, గాయమూ ఆలస్యంగా మానుతుంది. రక్తం మామూలు స్థాయికి వచ్చి, శరీరస్థితి 4కు చేరువైన తరువాత చేయించండి. ఈలోగా అది ఎదకు వస్తే మగకుక్కలకు దూరంగా ఇంట్లోనే ఉంచండి.